ఓమ్నీ వ్యాన్‌కు పాత డిక్కీ డోర్ కొనాలి: మన బండికి సరిపోతుందని ముందే ఎలా తెలుస్తుంది?

దర్రీల బండి (కొత్తవాడ, వరంగల్)

సభ్యులందరికీ నమస్కారం. మగ్గాల మీద నేసిన దర్రీలను (నూలు తివాచీలను) మా 2012 మోడల్ మారుతి ఓమ్నీలో వేసుకొని హనుమకొండ, కరీంనగర్, హైదరాబాద్ ప్రదర్శనలకు తీసుకువెళ్తుంటాము. మూడు వారాల క్రితం హంటర్ రోడ్డులో బండి ఆపి ఉన్నప్పుడు వెనుక నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. మనుషులకు ఏమీ కాలేదు. డిక్కీ డోర్ కింది సగం మాత్రం లోపలికి నొక్కుకుపోయింది, అద్దం పొడిపొడి అయింది, లాక్ పడడం లేదు. ప్రస్తుతానికి డోర్‌ను తాడుతో బంపర్‌కు కట్టి, అద్దం చోట ప్లాస్టిక్ పట్టా అతికించి నడుపుతున్నాను.

ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది కాబట్టి పాత డోర్ కొందామని అనుకుంటున్నాను. ఇప్పటికి మూడు కనిపించాయి. మొదటిది వరంగల్ ఆటోనగర్‌లో ఉంది, తెల్లనిది, అద్దం లేదు, నాలుగు వేలు చెబుతున్నారు. రెండవది హైదరాబాద్‌లో ఉంది, అద్దంతో సహా ఆరు వేల ఐదు వందలు, ఫోటోలు మాత్రమే చూశాను. మూడవది ఊళ్లోనే తెలిసినవారి దగ్గర, ఏపీ 36 నంబరుతో తిరిగిన బాగా పాత బండి నుంచి తీసింది, రెండు వేలకే ఇస్తామన్నారు. ముగ్గురూ ఒకే మాట చెబుతున్నారు: "ఓమ్నీ అంటే ఓమ్నీయే, ఏదైనా పడుతుంది." నాకు ఆ మాట మీద నమ్మకం కుదరడం లేదు. బండిలో వెళ్లేది నూలు సరుకు. ఒక్క చుక్క నీరు లోపలికి వచ్చినా రంగు దిగి, కట్ట మొత్తం అమ్మకానికి పనికిరాకుండా పోతుంది. డోర్ పట్టడం ఒక్కటే కాదు, నీరూ దుమ్మూ రాకుండా మూసుకోవడం నాకు ముఖ్యం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కాజీపేట టింకర్

అన్నగారూ, ఇరవై ఏళ్లుగా టింకరింగ్ పనిలో ఉన్నాను. మీరు డోర్ గురించి అడిగారు, నేను ముందుగా డోర్ కూర్చునే చోటు గురించి అడుగుతాను. ఓమ్నీకి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బండిని మోస్తుంది. వెనుక నుంచి దెబ్బ తగిలి డోర్ కింది సగం నొక్కుకుపోయిందంటే, ఆ దెబ్బలో కొంత భాగం లాక్ కొక్కెం ద్వారా కింది ప్యానెల్‌కు, అక్కడి నుంచి ఫ్లోర్ అంచుకు తప్పకుండా వెళ్లి ఉంటుంది. ఆ చోటు వంకరగా ఉండగా మీరు ఎంత మంచి డోర్ తెచ్చినా అది పట్టదు. పట్టించాలని మేస్త్రీ సుత్తితో కొత్తగా తెచ్చిన డోర్‌నే వంచుతాడు. ఇలా చెడిపోయిన మంచి డోర్లను నేను చాలా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి ఇప్పుడే డబ్బు ఇవ్వకండి. ముందు పాత డోర్ విప్పి, తలుపు చోటు అంచు చుట్టూ ఉండే బీడింగ్ రబ్బరు తీసేసి, తలుపు చోటును కొలవండి. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూల వరకు ఒక కర్ణం, పై కుడి నుంచి కింది ఎడమకు రెండవ కర్ణం. రెండూ సమానంగా ఉండాలి. మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాను కబ్జాల (డోర్ కీళ్ల) బోల్టుల దగ్గర, కొక్కెం దగ్గర సర్దుకోవచ్చు. అంతకు మించితే ముందు బాడీని లాగించాలి, ఆ తరువాతే డోర్ సంగతి.

"ఓమ్నీ అంటే ఓమ్నీయే" అన్న మాట విషయానికి వస్తే, 1984లో మొదలైన బండి 2019 వరకు తయారైంది. ముప్పై ఐదేళ్లు. మధ్యలో 1998లో రూపం మార్చారు. బయటికి ఒకేలా కనిపించే రెండు డోర్ల మధ్య లాక్, హ్యాండిల్, నంబరు ప్లేటు దీపం, వైరు వెళ్లే రంధ్రం, లోపలి ప్లాస్టిక్ అట్ట మేకులు తేడాగా ఉండవచ్చు. మోడల్ పేరును, ఏడాదిని నమ్మవద్దు. మీ పాత డోర్ చేతిలో ఉంది కదా, దానినే నమ్మండి.

జమ్మికుంట పత్తి వ్యాన్

టింకర్ గారు చెప్పినది నాకు జరిగింది. నాలుగేళ్ల క్రితం ఫోటో చూసి, ఫోనులో బేరమాడి, లగేజీ బండిలో డోర్ తెప్పించుకున్నాను. వచ్చిన డోర్‌కు వెడల్పు సరిపోయింది, ఎత్తు సరిపోయింది, కబ్జా రంధ్రాలు మాత్రం ఒక వేలు వెడల్పు పక్కకు ఉన్నాయి. ఎందుకంటే ఆ డోర్‌కు ఎప్పుడో కబ్జాల చోట తుప్పు పట్టి, ఎవరో రేకు ముక్క వెల్డింగ్ చేసి కొత్త రంధ్రాలు వేశారు. పైన రంగు వేయడంతో ఫోటోలో తెలియలేదు. తిరిగి పంపుతానంటే రవాణా ఖర్చు నాదే అన్నారు. చివరికి కొత్త రంధ్రాలు వేయించి బిగించాను గాని, ఇప్పటికీ గతుకుల రోడ్డులో పై నుంచి గలగల చప్పుడు వస్తుంది. హైదరాబాద్ డోర్‌ను మీరు స్వయంగా వెళ్లి చూడలేకపోతే దానిని మరచిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

జనగామ టిఫిన్స్

దర్రీల అన్నయ్యా, కొనుగోలు సంగతి తరువాత మాట్లాడుకుందాము. ముందు తాడుతో కట్టిన డోర్‌తో బండి నడపడం ఆపండి. డబ్బా ఆకారంలో ఉండే వ్యాన్ ముందుకు వెళ్తున్నప్పుడు దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గుతుంది, సైలెన్సర్ నుంచి వచ్చిన పొగ అక్కడే సుడి తిరిగి, వెనుక సందు ఉంటే లోపలికి వస్తుంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మేము టిఫిన్ బండికి వెనుక తలుపు సగం తెరిచి ఉంచి పాత్రలు తీసుకువెళ్లే రోజుల్లో మా చెల్లెలు వెనుక కూర్చొని తలనొప్పి, వాంతులు అంటుండేది. ఎండ వల్ల అనుకున్నాము. ఒక డాక్టరుగారు బండి గురించి అడిగిన తరువాతే మాకు విషయం అర్థమైంది. తప్పనిసరిగా నడపవలసి వస్తే వెనుక మనుషులను కూర్చోబెట్టకండి, ముందు రెండు అద్దాలూ పూర్తిగా దించండి, దూరం వెళ్లకండి. మిగతా సలహాలు నిదానంగా పాటించినా పరవాలేదు గాని, దీనిని ఈ రోజే పాటించండి.

దర్రీల బండి (కొత్తవాడ, వరంగల్)

అమ్మా, మీ సందేశం చదివిన వెంటనే బండిని ఇంటి ముందు నిలిపివేశాను. నిన్న మా అబ్బాయి వెనుక కట్టల మీద కూర్చొని కాజీపేట వరకు వచ్చాడు. ఆ సంగతి గుర్తుకు వచ్చి రాత్రి నిద్ర పట్టలేదు. సరుకును ఈ వారం కిరాయి ఆటోలో పంపుతున్నాను.

టింకర్ గారూ, డోర్ విప్పి కొలిచాను. టేపు మధ్యలో కుంగుతున్నట్టు అనిపించి, పడుగు నూలు పోగును రెండు మూలల మధ్య బిగువుగా లాగి ముడి వేసి, అదే పోగును రెండవ కర్ణం మీద పెట్టి చూశాను. తేడా పదకొండు మిల్లీమీటర్లు వచ్చింది. రెండుసార్లు చూసినా అంతే. పై రెండు మూలలూ సరిగానే ఉన్నాయి, కింది ప్యానెల్ కుడి వైపు లోపలికి జరిగింది.

కాజీపేట టింకర్

పోగుతో కొలవడం చాలా మంచి పద్ధతి, నేను కూడా ఇక అలాగే చేస్తాను. పదకొండు మిల్లీమీటర్లు ఎక్కువే. లాగించండి. ప్యానెల్‌ను సుత్తితో కొట్టడం కాదు, చెయిన్ కట్టి, దెబ్బ తగిలిన దిశకు ఎదురుగా కొద్దికొద్దిగా లాగాలి, లాగిన ప్రతిసారీ కర్ణం చూసుకోవాలి. వెల్డింగ్ అవసరమైతే ముందు బ్యాటరీ వైరు తీయించండి, గ్యాస్ కిట్ ఉంటే ఆ సంగతి మేస్త్రీకి తప్పక చెప్పండి. మరొక మాట, మీ పాత డోర్‌ను తుక్కుకు వేయవద్దు. కొత్త డోర్ బిగించేంత వరకు అదే మన కొలబద్ద.

మల్కాజిగిరి నివాసి

నాది వేరే అభిప్రాయం. పాత డోర్‌నే బాగు చేయించుకోకూడదా? రేకు చిరగకపోతే మంచి టింకర్ చేతిలో ఎంత నొక్కుడైనా లేస్తుంది. కబ్జాలు, రంధ్రాలు, వైర్లు అన్నీ మీ బండివే కాబట్టి సరిపోతుందా లేదా అన్న ప్రశ్నే రాదు. అద్దం, లాక్ రెండూ కొంటే చాలు కదా?

కాజీపేట టింకర్

సార్, మీరు చెప్పినది చాలా సందర్భాల్లో నిజమే. కానీ దర్రీల అన్న పంపిన ఫోటోలో డోర్ కింది అంచు మడత విడిపోయి కనిపిస్తోంది. డోర్ అంటే రెండు రేకులు, బయటి రేకు అంచును లోపలి రేకు మీదికి మడిచి నొక్కుతారు. ఆ మడత ఒకసారి విచ్చుకుంటే మళ్లీ ఎంత కొట్టినా పాతలా మూసుకోదు, నీరు అందులో నిలుస్తుంది, రెండు వానాకాలాల్లో రంగు కింద తుప్పు లేస్తుంది. పైగా లాక్ కూర్చునే లోపలి రేకు కూడా నలిగింది. ఈ రెండు చోట్లా బాగుండి మధ్యలో మాత్రమే నొక్కుడు ఉంటే నేను కూడా పాతదే బాగు చేయమనేవాడిని.

పాత సర్వేయర్ (కరీంనగర్)

బీమా సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. సమగ్ర పాలసీ ఉన్నా, పదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల విలువలో 50 శాతం తరుగుదల కింద కోస్తారు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు బండి వయసుతో సంబంధం లేకుండా 50 శాతం, అద్దానికి మాత్రం తరుగుదల ఉండదు. దీనికి తోడు క్లెయిమ్ చేస్తే, అప్పటివరకు కూడిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. అది ఐదేళ్లకు 50 శాతం వరకు చేరుతుంది. పాత డోర్, రంగు, కూలీ కలిపి పదిహేను వేల లోపు అయ్యే పనికి క్లెయిమ్ లాభమా నష్టమా అన్నది ముందే లెక్క వేసుకోండి.

పాత డోర్ కొనేటప్పుడు బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. డోర్ మీద ఛాసిస్ నంబరు ఉండదు కాబట్టి అది ఏ బండి నుంచి వచ్చిందో చూసి చెప్పలేము. దొంగ సొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని కొంటే అది భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. అమ్మేవారి పేరు, తేదీ, వీలైతే ఆ డోర్ తీసిన బండి నంబరు బిల్లులో రాయించుకోవడం మీకే రక్ష. రాయడానికి వెనుకాడే దుకాణంలో వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చినా కొనకండి.

రంగు గురించి ఒక మాట. మీ బండి తెల్లనిది కాబట్టి, వేరే రంగు డోర్ దొరికితే తెల్ల రంగు వేయించుకోండి. బండి రంగు మార్చితే ఆర్‌సీలో రాయించుకోవాలి. ఒక్క డోర్‌తో ఆ అవసరం రాకపోయినా తనిఖీల్లో అనవసరమైన ప్రశ్నలు వస్తాయి. మీది 2012 బండి, 2027లో పదిహేనేళ్లు నిండగానే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లాలి. అప్పుడు తలుపులు, నంబరు ప్లేటు, దీపం అన్నీ చూస్తారు. డోర్ మీద హై సెక్యూరిటీ నంబరు ప్లేటు ఉంటే దాని లాక్ ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు, అధీకృత కేంద్రంలోనే కొత్తది వేయించాలి.

జమ్మికుంట పత్తి వ్యాన్

సర్వేయర్ సార్, నా డోర్‌కు నేను బిల్లు తీసుకోలేదు. ఆ తుక్కు దుకాణం ఇప్పుడు లేదు. మీ మాట ముందే తెలిసి ఉంటే బాగుండేది.

దర్రీల బండి (కొత్తవాడ, వరంగల్)

రెండు రోజుల్లో బాడీ లాగించాను. కర్ణాల తేడా ఇప్పుడు రెండు మిల్లీమీటర్లు. ఇప్పుడు డోర్ చూడడానికి వెళ్లాలి. పాత డోర్‌ను తీసుకువెళ్లడం కష్టం కాబట్టి, దర్రీలు చుట్టే పెద్ద అట్టను పరిచి, డోర్‌ను దాని మీద బోర్లించి అంచు చుట్టూ గీసి, కబ్జా రంధ్రాలు, లాక్ రంధ్రాలు, షాకర్ (డోర్‌ను పైకి ఎత్తి పట్టే గ్యాస్ కడ్డీ) బోల్టులు, వైరు రంధ్రం అన్నింటినీ గుర్తులు పెట్టుకున్నాను. ఇంకా ఏమేమి చూడాలో చెప్పండి.

కాజీపేట టింకర్

అట్ట అచ్చు ఉంటే సగం పని అయినట్టే. ఒక అయస్కాంతం, ఒక టార్చ్, ఒక సన్నని స్క్రూడ్రైవర్ తీసుకువెళ్లండి. అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి డోర్ అంతటా నడిపించండి. పట్టు సడలిన చోట లోపల గుంటలు పూడ్చే పుట్టీ మందంగా ఉన్నట్టు. కింది అంచు మడతను వేలితో తడమండి, పొక్కులు ఉంటే స్క్రూడ్రైవర్ కొనతో మెల్లగా నొక్కండి, కొన లోపలికి దిగితే ఆ డోర్ వద్దు. కింద నీరు పోయే రంధ్రాలు ఉంటాయి, అవి మూసుకుపోయి ఉంటే లోపల తుప్పు తప్పక ఉంటుంది. తరువాత డోర్ లోపలి ప్లాస్టిక్ అట్ట విప్పించి టార్చ్ వేసి చూడండి. ఇది ముఖ్యం. 2023 జూలై వరదల్లో హంటర్ రోడ్డు పక్క కాలనీల్లో ఎన్ని బండ్లు మునిగాయో మనందరం చూశాము. అలాంటి బండి డోర్ పైకి మెరుస్తూ ఉంటుంది, లోపలి రేకు మూలల్లో మాత్రం ఎండిన ఒండ్రు గీతగా కనిపిస్తుంది.

షాకర్లు పాతవి కొనవద్దు. వాటి లోపల అధిక ఒత్తిడిలో నైట్రోజన్ వాయువు ఉంటుంది, వయసుతో అది తగ్గిపోతుంది. డోర్ పట్టుకొని ఉన్నట్టే ఉండి, మీరు వంగి కట్టలు సర్దుతున్నప్పుడు తల మీద పడుతుంది. కొత్తవి మీ బండికి చెప్పినవే కొనండి, డోర్ మూసినప్పుడు సన్నని కడ్డీ కింది వైపు ఉండేలా బిగించమనండి. అప్పుడు లోపలి నూనె సీలు మీద నిలిచి అది ఎండిపోకుండా ఉంటుంది. పాత షాకర్లను కోయడం, కాల్చడం ఎంతమాత్రం చేయకండి, పేలుతాయి.

పాత సర్వేయర్ (కరీంనగర్)

అద్దంతో ఉన్న డోర్ దొరికితే అద్దం మూలలో భద్రతా అద్దం ముద్ర, ఐఎస్ 2553 అన్న సంఖ్య ఉందో లేదో చూడండి. నల్ల ఫిల్ము ఉంటే తీయించండి. వెనుక అద్దం నుంచి కనీసం 70 శాతం వెలుతురు కనిపించాలన్నది నిబంధన.

దర్రీల బండి (కొత్తవాడ, వరంగల్)

ఆటోనగర్ వెళ్లి వచ్చాను. పూర్తి వివరం రాస్తున్నాను, తరువాత వచ్చేవారికి ఉపయోగపడుతుంది.

ముందుగా ఊళ్లో రెండు వేల డోర్ చూశాను. అట్ట పెట్టగానే కబ్జా రంధ్రాలు సరిపోయాయి గాని లాక్ రంధ్రాలు కలవలేదు, నంబరు ప్లేటు దీపం చోటు వేరుగా ఉంది. కింది మడతలో స్క్రూడ్రైవర్ కొన దిగిపోయింది. తెలిసినవారు కావడంతో మొహమాటపడ్డాను, కానీ వద్దని చెప్పాను.

ఆటోనగర్ దుకాణంలో మొదట చూపిన తెల్ల డోర్ బాగానే ఉంది, అచ్చు పూర్తిగా కలిసింది. లోపలి అట్ట విప్పమంటే పెద్దాయన కాసేపు విసుక్కున్నారు. విప్పాక లోపలి మూలల్లో ఎర్రని ఒండ్రు కనిపించింది. ఆయనే చూసి, "ఇది వద్దులే బాబూ" అని లోపలి నుంచి బూడిద రంగు డోర్ ఒకటి తెప్పించారు. దానికి మధ్యలో చిన్న నొక్కుడు ఉంది, అంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి, అయస్కాంతం అన్నిచోట్లా పట్టింది, అచ్చులోని గుర్తులన్నీ ఒక్కొక్కటిగా కలిశాయి. అద్దం, పాత బీడింగ్‌తో కలిపి నాలుగు వేల ఎనిమిది వందలకు ఇచ్చారు. బిల్లులో డోర్ తీసిన బండి నంబరు కూడా అడగగానే రాశారు. రంగు కుదరలేదని నేను మొదట దానిని చూడనే లేదు. అచ్చు లేకపోతే తెల్లదే తెచ్చుకొని ఉండేవాడిని.

అద్దం తీసి మళ్లీ బిగించేటప్పుడు మేస్త్రీ పని చూసి ఆశ్చర్యపోయాను. కొత్త బీడింగ్ గాడిలో ఒక నైలాన్ తాడును చుట్టూ పెట్టి, సబ్బు నీళ్లు రాసి, అద్దాన్ని బయటి నుంచి నొక్కి పట్టుకొని లోపలి నుంచి తాడును నెమ్మదిగా లాగితే, రబ్బరు పెదవి రేకు అంచు మీదికి దానంతట అదే ఎక్కింది. మగ్గం మీద పోగు దాటించినట్టే అనిపించింది.

జనగామ టిఫిన్స్

చాలా సంతోషం అన్నయ్యా. మూసిన తరువాత రెండు పరీక్షలు చేయండి. సన్నని కాగితం ముక్కను బీడింగ్ మీద పెట్టి డోర్ మూసి లాగండి. చుట్టూ ప్రతి జానెడు దూరానికీ ఇలా చూడండి, కాగితం సులభంగా జారి వచ్చిన చోట సందు ఉన్నట్టు. రాత్రి పూట లోపల ఒకరు టార్చ్‌తో కూర్చుంటే బయటి నుంచి వెలుతురు కనిపిస్తుందో లేదో కూడా తెలుస్తుంది. నీళ్ల పరీక్ష చివర చేయండి, కట్టలు ఎక్కించక ముందే.

దర్రీల బండి (కొత్తవాడ, వరంగల్)

కాగితం అన్నిచోట్లా గట్టిగానే పట్టింది, ఒక్క పై కుడి మూలలో మాత్రం జారింది. పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించాను, లోపల కూర్చున్న మా అబ్బాయి అదే మూలలో చుక్కలు వస్తున్నాయని అరిచాడు. లాక్ కొక్కెం కొద్దిగా లోపలికి జరిపి బిగించినా తగ్గలేదు. ఏమి చేయమంటారు?

కాజీపేట టింకర్

తలుపు చోటు చుట్టూ ఉండే బీడింగ్ రెండు కొనలు ఎక్కడ కలిశాయో చూడండి. పైన కలిపి ఉంటే అక్కడే నీరు దిగుతుంది. మొత్తం లాగి, ఆ అతుకు కింది అంచు మధ్యకు వచ్చేలా మళ్లీ తొడిగించండి. కొనలను కత్తిరించేటప్పుడు బిగువుగా కాకుండా ఒక వేలు వెడల్పు ఎక్కువే ఉంచాలి, ఎండకు రబ్బరు కుంచించుకుపోతుంది.

దర్రీల బండి (కొత్తవాడ, వరంగల్)

అతుకు సరిగ్గా పై కుడి మూలలోనే ఉంది. కిందికి తిప్పించాను. ఈసారి ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టించాము, లోపల పరిచిన తెల్ల కాగితం మీద ఒక్క మచ్చ కూడా పడలేదు. డోర్, లాగించిన కూలీ, రంగు, బీడింగ్, కొత్త షాకర్లు అన్నీ కలిపి పదమూడు వేల ఆరు వందలు అయ్యాయి. క్లెయిమ్ వేయలేదు. శనివారం నలభై కట్టలతో కరీంనగర్ వెళ్తున్నాము, అబ్బాయి ఈసారి ముందు సీటులోనే కూర్చుంటాడు.

జమ్మికుంట పత్తి వ్యాన్

అన్నా, మీ పాత డోర్ ఇంకా ఉందా? దాని కబ్జాలు బాగుంటే నాకు కావాలి. నా డోర్‌ను మళ్లీ విప్పించి, రంధ్రాలు మూయించి సరైన చోట వేయిద్దామని నిర్ణయించుకున్నాను.

దర్రీల బండి (కొత్తవాడ, వరంగల్)

ఉంది తమ్ముడూ. కబ్జాలు రెండూ విప్పి నూనె రాసి పెట్టాను, లాక్ మాత్రం పనికిరాదు. అట్ట అచ్చు కూడా చుట్టి ఉంచాను. శనివారం హుజూరాబాద్ మీదుగానే వెళ్తాము, బస్టాండు దగ్గరికి వస్తే రెండూ ఇచ్చి వెళ్తాను.